ఖాళీ బెంచీల కాలేజీలో నా ఉద్యోగం

నేను టీచర్‌ను కాదు. టీచర్లకు శిక్షణ ఇచ్చే ఒక ప్రైవేటు బీఈడీ కాలేజీలో ఆయాగా పనిచేశాను. తాళాలు తీయడం, గదులు ఊడవడం, బెంచీలు తుడవడం, గంట కొట్టడం, తాగేనీళ్లు పెట్టడం నా పనులు. వాటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. చీపురు ఎవరు పట్టినా ఒకటే. కానీ ఆ గదుల్లో నేను చూసినవి కొన్ని ఉన్నాయి. టీచర్ కావాలనుకునే పిల్లలకు అవి ఎవరూ చెప్పరు.

ఈ మధ్య మా అక్క మనవరాలు డిగ్రీ అయిపోయి, బీఈడీలో చేరతానంది. ఏ కాలేజీ మంచిదో చెప్పమని నన్ను అడిగింది. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. నోటితో చెప్పేంత చిన్న విషయం కాదది. అందుకే ఆమె కోసం, ఆమెలాంటి వాళ్ల కోసం రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటిన తర్వాత. అవి ఎట్లా వచ్చాయో కూడా ఇందులోనే తెలుస్తుంది.

రేకుల షెడ్డు

మా కాలేజీ దేవరకొండ నుంచి కల్వకుర్తికి పోయే దారిలో, ఊళ్లకు ఎడంగా, ఒక గుట్ట కింద ఉండేది. అంతకుముందు అది కోళ్ల ఫారం. పొడుగాటి షెడ్డును అడ్డగోడలతో గదులు చేసి, ముందు పెద్ద బోర్డు పెట్టారు. సున్నం ఎన్నిసార్లు వేసినా గోడ సందుల్లోంచి తెల్ల ఈకలు వస్తూనే ఉండేవి. పొద్దున ఊడ్చిన గదిలో మధ్యాహ్నానికి మళ్లీ ఒకటో రెండో నేల మీద మెల్లగా జరుగుతూ కనిపించేవి. ఎండ ఎక్కేకొద్దీ పైన రేకులు సాగి చప్పుడు చేసేవి. ఆ చప్పుడు ఒక చివర మొదలై గది తర్వాత గది మీదుగా నడిచి వచ్చేది. పైన ఎవరో తిరుగుతున్నారని కొత్తవాళ్లు భయపడితే, ఎండకు రేకులు అట్లనే అంటాయని నేనే ధైర్యం చెప్పేదాన్ని.

నాకు మాత్రం బెంచీలను చూస్తే గుబులయ్యేది. వాటి మీద ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఇట్లాంటి కాలేజీలు ఇంకా ఉండేవి. కాగితాల మీద క్లాసు నిండా పేర్లుంటాయి. మనుషులు మాత్రం పరీక్షలకే వస్తారు. కొత్తకోట వైపు నుంచి ఒకరు, హైదరాబాదులో దుకాణంలో పనిచేసుకుంటూ ఒకరు. తనిఖీకి అధికారులు వచ్చే రోజున మాత్రం ఆ పేర్లవాళ్లందరూ జీపుల్లో దిగేవాళ్లు. ఆ ఒక్కరోజు షెడ్డంతా నవ్వులు, సెంటు వాసన. మర్నాడు తాళం తీస్తే ఆ బెంచీల మీద ఎవరూ ఎప్పుడూ కూర్చోనట్టే ఉండేది. అయినా రోజూ తుడిచేదాన్ని. ఎవరి కోసం తుడుస్తున్నానో అడిగితే చెప్పలేను.

ఎందుకు చేరతారు

చేరడానికో పరీక్షలకో వచ్చినవాళ్లకు నీళ్లిస్తూ, ఎందుకు చేరారో అడగడం నాకు అలవాటు. డిగ్రీ అయింది, ఊరికే ఉంటే ఇంట్లో సూటిపోటి మాటలు పడలేక వచ్చానని ఒకడు. సంబంధాలు చూసేవాళ్లు బీఈడీ ఉందా అని అడుగుతున్నారని ఒక అమ్మాయి. ఎండాకాలం సెలవుల కోసమని ఇంకొకరు. ఒక పిల్లవాడైతే, "మా సారు నన్ను కొట్టినంత నేను గూడ ఎవరినన్న కొట్టాలె గద పెద్దమ్మా" అని నవ్వాడు. వాడు ఇప్పుడు మంచి టీచరని విన్నాను. బెత్తం పట్టడట.

ఇవన్నీ చెడ్డ కారణాలని నేననను. సెలవుల కోసం వచ్చిన వాళ్లు కూడా పిల్లల మధ్య పడ్డాక మారతారు. సేవ చేయడానికి వచ్చామని మొదటి రోజే చెప్పినవాళ్లలో ఎక్కువమంది పరీక్షలకు కూడా రాకుండా మానేశారు. నేను విన్న జవాబుల్లో నన్ను భయపెట్టింది ఒక్కటే. అది అనిత చెప్పింది.

ప్రిన్సిపాల్ సారు

అనిత గురించి చెప్పాలంటే ముందు మా ప్రిన్సిపాల్ సారు గురించి చెప్పాలి. ఆయన సర్కారు బడిలో హెడ్మాస్టరుగా పనిచేసి, రిటైరయ్యాక మా దగ్గర చేరాడు. మంచి మనిషి. పొద్దున్నే మొదటి గదిలోకి పోయి, కుర్చీలో కూర్చుని, ఒక్కొక్క నంబరే పైకి పిలిచేవాడు. పిలిచి, జవాబు వచ్చేంతసేపు ఆగేవాడు. తల ఎత్తి ఆ బెంచీ వైపు చూసి, ఇంకో నంబరు పిలిచేవాడు. ఎవరూ లేని గదిలో ఎందుకు పిలుస్తారని ఒకసారి అడిగాను.

"పిలువకపోతే ఎట్లనమ్మా," అన్నాడు. "నా పొద్దు మొదలుకాదు."

ఒక వానాకాలం పొద్దున ఆయన అట్లాగే పిలుస్తుంటే, ఒక నంబరుకు "ప్రెజెంట్ సార్" అని జవాబు వచ్చింది. సారు చేతిలో పెన్ను జారి కింద పడింది. నేను వరండాలో చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. తలుపు దగ్గర తడిసిన చెప్పులు చేతిలో పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. అదే అనిత. గుట్టల అవతలి పల్లె. వాళ్ల బాపు గొర్లు కాస్తాడు. కాలేజీ అంటే రోజూ రావాలనుకుని వచ్చింది. ఆమెకు ఎవరూ వేరేగా చెప్పలేదు.

ఆ రోజు నుంచి రోజూ వచ్చింది.

లేని పిల్లలు

టీచర్ ట్రైనింగులో ఒక పద్ధతి ఉంది. నిజం బడికి పోయే ముందు, ఒకరు టీచరై పాఠం చెబుతారు, తోటివాళ్లు చిన్నపిల్లల్లా బెంచీల మీద కూర్చుని జవాబులు చెబుతారు. ఏం అడగాలో, పిల్లలు ఏం జవాబు చెబుతారో కూడా ముందే రాసుకుంటారు. అనితకు తోటివాళ్లు లేరు. సారు ఆలోచించి, "క్లాసు నిండా పిల్లలున్నరనుకో, చెప్పు" అన్నాడు. ఆమె మంచి కోరే అన్నాడు. కాలేజీలో జరిగిన తప్పుల్లో నేను చూసిన పెద్దది అదే.

మొదట్లో అనితకు సిగ్గు. రెండు ముక్కలు చెప్పి, నన్ను చూసి నవ్వేది. కొన్నాళ్లకు సిగ్గు పోయింది. ఇంకొన్నాళ్లకు పేర్లు వచ్చాయి. లక్ష్మీ నువ్వు చెప్పు అనేది. ఆగేది. సరిగ్గా చెప్పావు అనేది. నేను బయట ఊడుస్తూ వినేదాన్ని. మొదట ఆ ఆగడం అన్ని పేర్లకూ ఒకేలా ఉండేది. తర్వాత తేడా వచ్చింది. ఒకరికి తక్కువసేపు, ఒకరికి ఎక్కువసేపు. ఒక్కోసారి ఎవరో సాగదీస్తున్నట్టు మధ్యలో "చాలు చాలు" అనేది. ఒక మధ్యాహ్నం ఆమె ఫక్కున నవ్వడం వినిపించి కిటికీలోంచి చూశాను. వెనక బెంచీ వైపు చూస్తూ నవ్వుతోంది, తమాషా మాట విన్నవాళ్లు నవ్వినట్టు. బెంచీలన్నీ ఖాళీ.

ఆ రోజుల్లోనే ఒకసారి, కాళ్లు పీకుతుంటే లోపలికి పోయి గోడ పక్క బెంచీ మీద కూర్చోబోయాను. అనిత పాఠం ఆపి, మామూలు గొంతుతో చెప్పింది.

"పెద్దమ్మా, గాడ జంగయ్య కూసున్నడు. జర ఇటు జరుగు."

నేను జరిగాను. వేరే బెంచీ మీద కూర్చున్నాక గాని, ఎందుకు జరిగానో నాకే అర్థం కాలేదు.

ఆమెకు ఈ ట్రైనింగ్ ఎంత అవసరమో నాకు తెలుసు. ఈ ఒక్క చదువే చదివిస్తాను, ఇది తప్పితే మంద వెంట రావాల్సిందేనని వాళ్ల బాపు చెప్పాడట. ఆయన కఠినుడు కాదు. కరువుకు సగం జీవాలు పోయిన మనిషి. ఒకరోజు సద్ది తింటూ ఆ మాట చెప్పి అనిత, "మంద ఎంబడి పోవుడు నాకు కష్టం గాదు పెద్దమ్మా. గాని వాళ్ల పాఠం మధ్యల ఆగుతది" అంది. ఎవరి పాఠం అని అడిగితే, సద్ది గిన్నెకు మూత పెట్టి క్లాసులోకి పోయింది.

నిజం పిల్లల ముందు

ప్రాక్టీసు కోసం దగ్గరి ఊళ్లోని సర్కారు బడికి పంపారు. చార్టులు మోయడానికి నేనూ పోయాను. ఆరో తరగతికి బెంచీలు చాలక పిల్లలు కింద పట్టాల మీద కూర్చున్నారు. వెనక హెడ్మాస్టర్ మేడం కుర్చీ వేసుకుంది. పాఠం బాగుందో లేదో ఆమె రాసి ఇవ్వాలి. ఆ రాత మీదే అనిత పాసు.

పాఠం గింజ మొలకెత్తడం. అనిత బోర్డు మీద చిక్కుడు గింజ బొమ్మ వేసింది. గొంతు ఖంగుమంది. మొలకెత్తడానికి ఏమేం కావాలని అడిగింది. చేతులు లేచాయి. ఆమె ఆ చేతుల్ని చూడలేదు. కిటికీ కింద గోడ పక్కన కొంచెం జాగా ఖాళీగా ఉంది. అటు చూసింది. ఆగింది. తల ఊపింది.

"సరిగ్గ చెప్పినవ్ జంగయ్యా. కూసో."

ఆ క్లాసులో జంగయ్య అనే పిల్లవాడు లేడు. పిల్లలందరూ ఒక్కసారే గోడ వైపు తిరిగారు. ఎవరూ నవ్వలేదు. కొత్త టీచర్ చిన్న తప్పు చేసినా నవ్వే వయసు వాళ్లది. గోడకు దగ్గరగా ఉన్న పిల్లవాడు సంచి తీసుకుని మెల్లగా ఇవతలికి జరిగాడు. లేచిన చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి. అనిత పాఠం పూర్తి చేసింది. ఎక్కడా తడబడలేదు.

మేడం నన్ను వరండాలోకి పిలిచింది. "గా పిల్లకు ఒంట్ల బాగనే ఉన్నదా?" అని అడిగింది. ఉందన్నాను. "పాఠం మస్తు చెప్పింది. నా పిల్లలకైతే చెప్పలె. ఎవరికి చెప్పిందో నాకెర్కలే. వచ్చే వారం మల్లొక్కసారి చెప్పనీ. గప్పుడు గూడ గిట్లనే ఉంటే, ఈమెకు రాదనే రాస్త. పసివాండ్లు జడుసుకున్నరమ్మా."

జంగయ్య

తిరుగుదారిలో ఆటో కోసం రోడ్డు పక్కన కూర్చున్నాం. ఎండ నెత్తిన ఉంది. మనిషి జాడ లేదు. అనిత తనంతట తానే చెప్పింది.

వాళ్ల పల్లెలో చిన్న బడి ఉండేదట. అనిత నాలుగో తరగతిలో ఉన్నప్పుడు కరువు పడి, ఒక్కో ఇల్లే తాళం వేసుకుని వలస పోయింది. పిల్లలు అమ్మానాన్నల వెంట బిల్డింగు పనులు జరిగే చోటికి పోయారు. లక్ష్మి పోయింది, రాములు పోయాడు. జంగయ్య ఆమె పక్కన, గోడవైపు కూర్చునేవాడు. పట్నంలో కట్టే ఇంటి నీళ్ల సంపులో పడి చచ్చిపోయాడని పల్లెకు కబురొచ్చింది. ఆ సంగతి బడి సారుకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. సారు రోజూ జంగయ్య పేరు పిలిచేవాడు. పిల్లలు తల వంచుకుని ఊరుకునేవాళ్లు. చివరికి అనిత ఒక్కతే మిగిలింది. ఒకరోజు పాఠం సగంలో ఉండగా సారుకు వేరే బడికి పొమ్మని ఆర్డరు వచ్చింది. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి లేచాడు. మళ్లీ ఆ బడి తెరవలేదు.

"గందుకే టీచరైత అనుకున్న," అంది అనిత. "వాళ్లు గట్లనే కూసున్నరు పెద్దమ్మా."

"ఇంక చిన్నపోరగాండ్లేనా? పెరుగలేదా?"

"పాఠం అయిపోతే గద పై క్లాసుకు పోయేది."

ఆ మాట ఆమె ఏడుస్తూ అని ఉంటే నేను ఓదార్చేదాన్ని. రేపు ఏ బస్సుకు రావాలో చెప్పినంత మామూలుగా చెప్పింది.

బెంచీ మీద నేను

మర్నాడు ఊడ్చే పని పక్కన పెట్టి, ఆమెకంటే ముందే పోయి జంగయ్య బెంచీ మీద కూర్చున్నాను. అనిత వచ్చి, సుద్దముక్క పట్టుకుని నా ముందుకు వచ్చి నిలబడింది.

"లెవ్వు పెద్దమ్మా. వాడు యాడ కూసుంటడు?"

"జర గోడకు జరుగుమను. ఇద్దరం పడ్తం."

ఆమె గోడ వైపు చూసింది. ఏం జవాబు వచ్చిందో తెలియదు, బోర్డు వైపు తిరిగింది. గింజ అని రాసి, నన్ను చదవమంది. నాకు రాదన్నాను. ఆమె అలవాటు ప్రకారం ఆగి, సరిగ్గా చెప్పావు అంది.

"నేనేం చెప్పలె బిడ్డా. రాదన్న."

అనిత నన్ను కొత్తగా చూసింది. లేని పిల్లలకు అన్నీ వచ్చు. ఆమె రాసుకున్న జవాబులే వాళ్లు చెబుతారు. రాదు అనే జవాబు ఆమె ఎక్కడా రాసుకోలేదు. ఆ రోజు రెండుసార్లు మళ్లీ అట్లాగే జరిగింది. మర్నాడు కూడా. ఆ తర్వాతి రోజు ఆమె బోర్డు వదిలి దిగివచ్చి, నా పక్కన వంగి, నా వేలు పట్టుకుని, తాను తెచ్చిన పలక మీద గుండ్రంగా తిప్పింది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. నాకు వచ్చిన మొదటి అక్షరం అది. యాభై ఏళ్లకు పైగా చూస్తూ వచ్చిన గీతల్లో ఒకటి నన్ను చూసి పలికినట్టయింది.

ఒక మాట చెబితే నమ్మినా నమ్మకపోయినా మీ ఇష్టం. ఆ బెంచీకి ఒక కాలు పొట్టి. నేనెప్పుడు కూర్చున్నా నా బరువుకు అది నా వైపు ఒరుగుతుంది. తుడిచేదాన్ని, దాని సంగతి నాకు తెలుసు. ఆ వారమంతా అది ఒరగలేదు. గోడవైపు కూడా ఎవరో కూర్చున్నట్టు తిన్నగా నిలబడింది. నేను అటు తిరిగి చూడలేదు. చూపంతా పలక మీదే పెట్టుకున్నాను.

రెండోసారి

మళ్లీ అదే బడి, అదే క్లాసు, వెనక అదే కుర్చీలో మేడం. గోడ పక్కన ఈసారి చాప వెడల్పు జాగా వదిలి కూర్చున్నారు పిల్లలు. అనిత ఆకు పాఠం చెప్పింది. ప్రశ్న అడిగింది. ముందులాగే ఆమె చూపు గోడ వైపు పోయింది. మేడం పెన్ను మూత తీసింది. నా నోరు ఎండిపోయింది.

అప్పుడు మధ్య వరసలోంచి ఒక చిన్నపిల్ల, వినీ వినపడకుండా, "నాకు సమజ్ కాలె టీచర్" అంది.

అనిత తల తిప్పింది. ఆ పిల్లను చూసింది. మళ్లీ గోడ వైపు తిరిగి, బతిమాలుతున్నట్టు అంది.

"జంగయ్యా, నువ్వు జర ఆగు. నీకు వచ్చు గద. గీ పిల్లకు రాదట."

పోయి ఆ పిల్ల పక్కన కింద కూర్చుంది. ఆకును దాని చేతిలో పెట్టి, ఈనెలు తడుముతూ మొదటి నుంచి చెప్పింది. పక్క పిల్లలు మెడలు చాచారు. ఒకడు తనకూ అర్థం కాలేదన్నాడు. ఇంకొకడు తనకు అర్థమైందని, తాను చెబుతానని లేచాడు. కాసేపటికి క్లాసులో గోల మొదలైంది. ఆ గోల వింటుంటే నాకు నీళ్లు తాగినట్టయింది. మేడం పెన్ను మూత పెట్టేసి, పాఠం అయిపోయాక తీరిగ్గా రాసింది. అనిత పాసైంది.

ఎక్కడ చేరాలి

మా మనవరాలు అడిగిన దానికి నా జవాబు ఇది. బోర్డు ఎంత పెద్దదో చూడవద్దు. పోయి కిటికీలోంచి లోపలికి చూడు. బెంచీల మీద మనుషులుండాలి. వాళ్లలో తప్పు చెప్పేవాళ్లు, రాదనేవాళ్లు, విసిగించేవాళ్లు ఉండాలి. నీ జవాబులు నువ్వే చెప్పుకునే గదిలో ఏడాది గడిపితే, నిజంగా చెయ్యి ఎత్తిన పిల్ల నీకు కనపడదు. అనితకు ఒక ముసలి ఆయా దొరికింది. నీకు దొరుకుతుందో లేదో.

మా కాలేజీ తర్వాత మూతపడింది. షెడ్డులో మళ్లీ కోళ్లు వేశారు. అనిత నోటిఫికేషన్ కోసం ఏళ్లపాటు ఎదురుచూసి, ప్రైవేటు బళ్లలో చెప్పి, చివరికి సర్కారు ఉద్యోగం తెచ్చుకుంది. మా జిల్లాలోనే, ఒక హైస్కూల్లో.

మొన్న దేవరకొండ దవాఖానలో, అనిత ప్రాక్టీసు పాఠం చెప్పిన బడి హెడ్మాస్టర్ మేడం కలిసింది. ఇంకా ఆ బడిలోనే ఉంది, త్వరలో రిటైరు కాబోతోంది. అనిత గురించి చెబితే సంతోషపడింది. తర్వాత గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పింది. ఆరో తరగతి గదిలో కిటికీ కింద ఇప్పటికీ ఎవరూ కూర్చోరట. అప్పటి పిల్లలు బడి వదిలి ఎప్పుడో పోయారు. ఇప్పటి పిల్లలకు ఎవరు చెప్పారో తెలియదు. ఒకసారి ఆమె పట్టుబట్టి ఒక పిల్లవాణ్ని అక్కడ కూర్చోబెట్టిందట. కాసేపటికి వాడే లేచి ఇవతలికి వచ్చాడు.

"ఎందుకు లేసినవ్‌రా అని అడిగిన," అంది మేడం. "గాడ కూసున్నోడు టీచర్ వచ్చేదాక జాగా ఉంచుమన్నడు మేడం, అన్నడు. ఏ టీచర్‌రా అంటే వానికి తెల్వదు."

ఆ సాయంత్రం అనితకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. వెనక వాళ్ల బడి పిల్లలు ఇంటికి పోతున్న అలికిడి వినిపించింది. ఎవరో ఆమెను పిలుస్తున్నారు. వస్తున్నానని వాళ్లకు చెప్పి, నాతో అంది.

"జంగయ్యను ఆగుమని చెప్పి మర్సిపోయి వచ్చిన పెద్దమ్మా. ట్రాన్స్‌ఫర్లు పడితే గా బడికే పెట్టుకుంట. పాఠం జరంతే మిగిలింది."

నేను వద్దనలేదు.